కొడుకు అభ్యంతరం

“నేను పెట్టను” అంది కనకరత్నం.

పెన్ను మూత తీసి పట్టుకున్న దుర్గారావు చెయ్యి అలాగే ఆగిపోయింది. వదిన తన మాట సరిగ్గా వినలేదేమోనన్నట్టు కాగితాన్ని మంచం మీద ఇంకాస్త ఆమె వైపు జరిపాడు. భర్త గురునాథరావు డ్యూటీలో ఉండగా చనిపోయినందువల్ల కుటుంబానికి రావలసిన రైల్వే ఉద్యోగాన్ని తన కొడుకు సంజయ్‌కి ఇవ్వవలసిందిగా భార్య కోరుతున్నట్టు ఆ కాగితంలో ఉంది. రాయించిందీ, టైపు చేయించిందీ, ఈ పూట స్మృతి నగర్ నుంచి బండి మీద మోసుకొచ్చిందీ మరిది దుర్గారావే. సంతకం ఒక్కటే మిగిలింది.

“ఏటి వదినా, స్పెల్లింగేటైనా తప్పు పడిందా?”

“స్పెల్లింగు బాగానే ఉన్నాది. పేరే తప్పు పడింది. సంజయ్ పేరు తీసీసి నా పేరు రాయించు. ఆ ఉద్యోగం నేను చేస్తాను.”

ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయి-3 రైల్వే క్వార్టరు ముందు గది. కూలరు గడగడలాడుతోంది. గోడకి చేరబడి వెల్లుల్లి ఒలుస్తున్న నూకాలమ్మ చేతులు పళ్ళెంలోనే ఆగిపోయాయి. గుమ్మానికి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్న సంజయ్ తలెత్తాడు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న కృష్ణప్రియ చప్పుడు చేయడం మానేసింది.

దుర్గారావు ముందు నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి పెన్ను మూత పెట్టేశాడు.

అతను చెడ్డవాడు కాదు. అన్నగారు రైలింజన్ల షెడ్డులో కుప్పకూలిపోయాడని కబురొచ్చిన రోజు నుంచీ స్టీల్ ప్లాంటులో తన షిఫ్టులు మార్చుకుని మరీ తిరిగినవాడు. ఆస్పత్రి, శ్మశానం, పెద్దకర్మ, పెన్షన్ కాగితాలు అన్నీ అతనే చూశాడు. ప్రతిదానికీ ఈ గదిలోనే కూర్చుని ఇలా చేద్దాం వదినా అనేవాడు. కనకరత్నం తలూపేది. తలూపడం అలవాటైన మనిషి ఇవాళ తల అడ్డంగా తిప్పేసరికి అతనికి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

ఈ బుద్ధి ఎవరు పుట్టించారని అడిగాడు. షెడ్డంటే ఏమిటో తెలుసా అన్నాడు. రైలింజన్ల కింద గోతిలో దిగాలి, ఎండాకాలం లోపల పొయ్యిలా ఉంటుంది, ఒళ్ళంతా నూనె, చుట్టూ మగాళ్ళు అన్నాడు. నలభై దాటిన ఆడమనిషి కొత్తగా పనిలో చేరడమేమిటన్నాడు. ఎదిగిన కొడుకుని ఇంట్లో పెట్టుకుని తల్లి డ్యూటీకి వెళ్తే ఇక్కడి మనవాళ్ళందరికీ తానేం చెప్పుకోవాలన్నాడు.

“చెప్పడానికేటున్నాది. మా వదిన డ్యూటీకెళ్తోందని చెప్పు.”

“వదినా, వెటకారం కాదు. మా అయ్య రైల్వేలో పనిచేస్తూ పోయినప్పుడు అన్నయ్య మీసం కూడా సరిగ్గా రాని కుర్రోడు. ఆ ఉద్యోగంలో చేరి అమ్మని చూసుకున్నాడు, నన్ను ఐటీఐ చదివించేడు. ఇంటికి పెద్దకొడుకంటే అదీ. ఇప్పుడు సంజయ్ వంతొచ్చింది. మధ్యలో నువ్వెక్కణ్ణుంచొచ్చేవు?”

“నేను మధ్యలో రాలేదు దుర్గారావు. పోయింది నా మొగుడు.”

ఆ మాటకి అతను చూపు దించుకున్నాడు. గొంతు తగ్గించి, అన్నయ్య బతికుంటే దీనికి ఒప్పుకునేవాడా అని అడిగాడు.

ఒప్పుకునేవాడు కాదు. అది కనకరత్నానికి అందరికంటే బాగా తెలుసు. బొబ్బిలిలో ఇంటరు పాసై, పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో స్టీల్ ప్లాంటు సెక్టార్ల వైపు ఒక స్కూల్లో చిన్నపిల్లల్ని చూసుకునే పని దొరికింది. మర్నాడు వెళ్ళి చేరాలి. రాత్రే చీర ఇస్త్రీ చేసుకుంది. గురునాథరావు ఆ చీర చూసి ఎక్కడికని అడిగాడు. చెప్పింది. నేను బతికుండగా నువ్వు పన్లోకెళ్ళడమేటి అన్నాడు. కోప్పడి అన్లేదు, ప్రేమగానే అన్నాడు. అందుకే ఎదురు చెప్పలేకపోయింది.

“ఆయన బతికుండగా వద్దన్నారు. విన్నాను” అంది. “ఆ మాటకి గడువు తీరిపోయింది.”

నూకాలమ్మ పళ్ళేన్ని నేలకేసి కొట్టింది. వెల్లుల్లి రెబ్బలు గది నిండా చెదిరాయి.

“నా కొడుకు ఎల్లిపోయి గట్టిగా రెండు నెల్లు కాలేదు. ఆడి ఊసు అలగ ఆడతావేటే? నోరెలగొచ్చినాది నీకు?”

కనకరత్నం వంగి ఒక్కొక్క రెబ్బా ఏరడం మొదలెట్టింది. అప్పుడు మాట్లాడాడు సంజయ్. అరవలేదు.

“మమ్మీ, ముఝే ఏక్ బార్ బోల్‌నా థా న. నాతో ఒక్కసారి చెప్పొచ్చు కదా.”

చెబితే వాడు బతిమాలతాడనీ, బతిమాలితే తను కరిగిపోతుందనీ భయపడి చెప్పలేదు. ఆ సంగతి ఇందరి ముందు ఎలా చెప్పడం? ఏరిన రెబ్బల్ని పళ్ళెంలో వేసి, తలొంచుకునే ఉండిపోయింది.

సంజయ్ లోపలికెళ్ళి సంచీలో నాలుగు బట్టలు కుక్కుకుని వచ్చాడు. చిన్నాన్న బండి వెనక ఎక్కి కూర్చున్నాడు. దుర్గారావు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ గుమ్మంలో ఆగాడు.

“గురువారం వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి అందర్నీ అడుగుతాడు. మేం మళ్ళీ వస్తాం. ఇంట్లో పెద్దావిడా, ఎదిగిన కొడుకూ కాదంటే నీ దరఖాస్తు ముందుకి కదల్దు వదినా. అందాకా ఆలోచించుకో.”

బండి వీధి మలుపు తిరిగేదాకా కనకరత్నం అక్కడే నిలబడింది. సంజయ్ వెనక్కి తిరిగి చూడలేదు.

*

నూకాలమ్మ కోడలితో మాటలు మానేసింది. చెప్పవలసినవన్నీ మనవరాలితో చెప్పేది. మీ అమ్మ బియ్యం కడిగిందేమో అడగమనేది. కోడలు ఎదురుగా నిలబడి ఉన్నా సరే. కృష్ణప్రియ ఆ ప్రశ్నని మళ్ళీ తల్లికి వినిపించలేక, మానలేక ఇద్దరి మధ్యా నలిగిపోయింది. మూడో మాటకి తల్లి వైపు చూసి కళ్ళతోనే నవ్వేది. కానీ సాయంత్రం అన్నయ్య వచ్చే వేళకి గేటు వైపు చూడకుండా ఉండలేకపోయేది.

ఆ పిల్ల ప్లస్‌టూలో ఉంది. నర్సింగు చదవాలని ఆశ. తండ్రి ఉండగా అది ఇంట్లో అందరూ ఒప్పుకున్న మాటే. ఆయన పోయాక ఆ మాట ఎవరి నోటా రాలేదు.

కనకరత్నం నిర్ణయం ఆ రోజు పెన్ను చూసి పుట్టింది కాదు. పెద్దకర్మ భోజనాల దగ్గర పుట్టింది. దుర్గారావు భార్య దుర్గాదేవి పెరట్లో వడ్డన గిన్నెలు కడిగిస్తూ తన పుట్టింటివాళ్ళతో మాట్లాడుతోంది. గోడకి ఇవతల కూర్చున్న కనకరత్నానికి ప్రతి మాటా వినపడింది. సంజయ్‌కి ఉద్యోగం రాగానే తన అన్న కూతురితో పెళ్ళి. క్వార్టర్లో లోపలి గది కొత్త జంటకి. ముందు గదిలో ముసలావిడా, కనకరత్నమూ సర్దుకుంటారు. కృష్ణప్రియని స్మృతి నగర్ తీసుకెళ్ళిపోతే ఇంటిపనిలో సాయానికుంటుంది, సంబంధం కుదిరేదాకా.

గురునాథరావు ఫోటోకి వేసిన దండ ఇంకా వాడలేదు. ఈలోగా ఈ ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకోవాలో కూడా తేల్చేశారు. అందులో ద్వేషం లేదు. కనకరత్నానికి భయమేసింది కూడా అందుకే. అందరూ మంచివాళ్ళే, అందరూ ఆమె బాగు కోరేవాళ్ళే. ఆ బాగు ఏమిటో ఆమెని అడగాలన్న ఆలోచన ఒక్కళ్ళకీ రాలేదు.

ఒక మధ్యాహ్నం కనకరత్నం బట్టలు మడతపెడుతుంటే, కృష్ణప్రియ ఇంట్లో లేని వేళ చూసి, నూకాలమ్మ గోడతో అన్నట్టుగా అడిగింది.

“షెడ్డులో ఆడోళ్ళకి ఏటి పనిస్తారు?”

ఎవరితో మాట్లాడుతోందో అర్థం కావడానికి కనకరత్నానికి ఒక నిమిషం పట్టింది. ఏది ఖాళీ ఉంటే అది ఇస్తారని చెప్పింది. హెల్పరుగా వేస్తే పనిముట్లు అందించాలి, ఇంజన్ భాగాలు తుడవాలి, కడగాలి. ఆఫీసులో వేస్తే ఫైళ్ళు మోయాలి.

“నీకేది కావాల?”

“ఫైళ్ళొద్దు. ఆయన చేసిన చోటే చేస్తాను.”

ముసలావిడ మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంది. అడగడమైతే అడిగింది గానీ అందులో మెత్తదనమేమీ వినిపించలేదు. గురువారం ఆవిడ నోటి నుంచి ఏం వస్తుందో కనకరత్నం ఊహించుకోగలదు. చిన్నకొడుకు మాట ఆవిడ ఎన్నడూ కాదనలేదు.

*

బుధవారం కనకరత్నం ఆటో ఎక్కి సుపేలా బజారుకి వెళ్ళింది.

సంజయ్ పనిచేసే మొబైల్ షాపు మెయిన్ రోడ్డు మీదే. గాజు తలుపు అవతల ఎవరిదో ఫోన్ విప్పి, కంటికి భూతద్దం బిగించుకుని వంగి ఉన్నాడు. తల్లిని చూసి ముందు మొహం విప్పారింది. వెంటనే జ్ఞాపకం వచ్చినట్టు బిగుసుకుంది. ఓనరుకి చెప్పి బయటికొచ్చాడు. ఇద్దరూ చెరుకురసం బండి పక్కన కాస్త నీడలో నిలబడ్డారు.

అన్నం తింటున్నావా అని అడిగింది. దుర్గాదేవి చాచీ బాగా పెడుతోందన్నాడు. బామ్మ ఎలా ఉందన్నాడు. బాగానే ఉందంది. తర్వాత ఇద్దరూ బస్సులు వెళ్తుంటే వాటి వైపు చూశారు.

“ఆ రోజు నీతో ముందు చెప్పకపోవడం నాదే తప్పు” అంది చివరికి. “ఆ తప్పు ఒప్పుకోడానికే వచ్చేను. మిగతాదానికి కాదు.”

సంజయ్ చెరుకురసం గ్లాసు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. వాడి తెలుగు ఎప్పుడూ హిందీ వైపే జారుతుంది. ఆ రోజు జాగ్రత్తగా, ప్రతి మాటా వెతుక్కుంటూ తెలుగులోనే మాట్లాడాడు.

“నేను రైల్వే ఎగ్జామ్ ఎన్నిసార్లు రాసానో నీకు తెలుసు. ప్రతిసారీ కొంచెంలో పోయింది. పాపా ఏమీ అనేవారు కాదు. అనకపోతే ఇంకా ఎక్కువ బాధ. ఇప్పుడు పాపా పోయి నాకు ఛాన్స్ ఇచ్చారు మమ్మీ. నాకు ఇంకోటి రాదు. నువ్వు దాన్ని తీసేసుకుంటున్నావు.”

వాడు అబద్ధం చెప్పడం లేదు. రిజల్ట్ వచ్చిన రోజుల్లో వాడు దుప్పటి కప్పుకుని పడుకోవడం, తను చూసీ చూడనట్టు అటూ ఇటూ తిరగడం గుర్తొచ్చాయి. సరే, నువ్వే చేరు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క క్షణం వాడు మౌనంగా ఉండుంటే అనేసేదే.

వాడు ఉండలేదు. తల్లి మెత్తబడిందని కనిపెట్టి, చేయి పట్టుకున్నాడు.

“జాబ్ వచ్చాక నిన్ను మంచిగా చూసుకుంటాను. నీకేమీ తక్కువ చెయ్యను. ప్రామిస్.”

ఆమె చేయి మెల్లగా వెనక్కి తీసుకుంది.

“పెళ్ళికి ముందు మా నాన్న చూసుకున్నాడు” అంది. “తరవాత మీ నాన్న చూసుకున్నారు. బాగానే చూసుకున్నారు, నేను కాదన్ను. ఇప్పుడు నువ్వు చూసుకుంటానంటున్నావు. రేపు నీ పెళ్ళాం ఒప్పుకుంటే చూస్తావు, లేకపోతే దొంగతనంగా చూస్తావు. నీ చెల్లెలు నర్సింగు చదవాలంటే మీ ఇద్దర్నీ అడగాల. నాకొద్దురా. నన్ను నేను చూసుకుంటాను. ఒక్కసారి చూసుకోనీ.”

“నా దోస్తులు నవ్వుతారు. మాఁ కమాతీ హై, బేటా ఖాతా హై అంటారు. తల్లి సంపాదిస్తుంటే కొడుకు తింటున్నాడని.”

“నవ్వనీ. నువ్వు తిని కూర్చునే మనిషివి కాదని నాకు తెలుసు. ఇంకోసారి పరీక్ష రాయి. కోచింగులో చేరు. నా జీతంలోంచి కడతాను.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. సంజయ్ మొహం ఎర్రబడింది. గ్లాసు బండి మీద పెట్టేశాడు.

“ఇప్పట్నుంచే జీతం లెక్కలా?” అన్నాడు. “కల్ మిల్తే హైఁ. రేపు కలుద్దాం.”

గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కనకరత్నం ఆటోలో కూర్చున్నాక ఏడ్చింది. పక్కన కూర్చున్న ఛత్తీస్‌గఢీ ముసలమ్మ ఏమిటని అడగకుండానే వీపు మీద చెయ్యేసి రాసింది. భిలాయి-3 వచ్చేసరికి కనకరత్నం కళ్ళు తుడుచుకుంది. దిగి నేరుగా స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్ళి, తన పేరున తను చేసుకునే దరఖాస్తు టైపు చేయించుకుంది. అక్కడే, నిలబడే, సంతకం పెట్టింది.

*

వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ మనోజ్‌కుమార్ ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాడే. వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గురునాథరావు ఫోటోకి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం చూసి కనకరత్నానికి కొంచెం ధైర్యం వచ్చింది.

దుర్గారావు, సంజయ్ అప్పటికే వచ్చి మంచం మీద కూర్చున్నారు. దుర్గారావు తన కాగితం అందించాడు. ఇంకా సంతకం కాలేదు గానీ ఇప్పుడే అవుతుందన్నాడు. కనకరత్నం తన దరఖాస్తు అందించింది. ఇన్‌స్పెక్టర్ రెండూ చూసి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మొదటి హక్కు భార్యదేనని చెప్పాడు. ఆవిడ తీసుకోవచ్చు, లేదా పిల్లల్లో ఒకరి పేరు చెప్పొచ్చు. అయితే ఇంట్లో పెద్దవాళ్ళని తను అడగాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అది రాయాలి. రాస్తే, రాయపూర్ డివిజన్ ఆఫీసులో ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆలస్యమవుతుంది. తేలేదాకా ఎవరికీ రాకపోనూవచ్చు. అందుకని ఇక్కడే తేల్చుకుంటే మంచిదన్నాడు.

ముందు నూకాలమ్మని అడిగాడు. దుర్గారావు తల్లి వైపు చూసి, ఏమీ భయం లేదన్నట్టు తలూపాడు.

ఆవిడ చీర కొంగు సర్దుకుంది. వినపడలేదేమోనని ఇన్‌స్పెక్టర్ మళ్ళీ అడగబోయాడు.

“ఇనపడినాది బాబూ” అంది. “నా పెనిమిటి పోయినప్పుడూ నీలాటాయనే ఒకాయన వచ్చేడు. మా మావ, మా బావ మాటాడేరు. నాను తలుపెనకాల ఉన్నాను. పిలిసి, నా ఏలు పట్టుకుని సిరాలో ముంచి ముద్రేయించేరు. పెద్దోడికి ఉద్యోగం రాయించేరని తరవాత తెలిసినాది. నన్నెవులూ అడగలేదు.”

“అమ్మా, అదేటి ఇప్పుడు?” అన్నాడు దుర్గారావు. “అన్నయ్య నిన్ను బాగా చూసుకోలేదా?”

“సూసుకున్నాడు. దేవుడిలాగ సూసుకున్నాడు. అయినా నన్నెవులూ అడగలేదు.”

ఆ రోజుల్లో అడిగుంటే ఏం చెప్పేవారమ్మా అన్నాడు మనోజ్‌కుమార్. అది విచారణ కోసం అడిగిన ప్రశ్న కాదు.

నూకాలమ్మ మొహంలో చిన్నపిల్ల సిగ్గు లాంటిది ఒకటి కదిలింది. స్టేషన్లో సింహాచలమ్మని ఒకావిడ ఉండేదని చెప్పింది. ఆవిడ భర్త కూడా పట్టాల మీద పనిచేస్తూ పోయినవాడే. ఆవిడకి ప్రయాణికులకి నీళ్ళు పోసే ఉద్యోగం ఇచ్చారు. నీలం చీర, భుజానికి ఇత్తడి బిళ్ళ. ఆవిడ సంతకెళ్ళి చేపలు కొనుక్కొస్తే, ఎంతకి కొన్నావు, ఎందుకు కొన్నావని అడిగే దిక్కు ఉండేది కాదు.

“నానూ అలగే చేపలు కొనుక్కుందునని ఉండీది” అంది. “నీలు పోస్తానని చెప్పుదును బాబూ. అడిగితే.”

కృష్ణప్రియ వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి మీద ఇద్దరూ వండుకుని తిన్నారు. కనకరత్నానికి ఈ ముక్క తెలీదు. అత్త వైపు చూసింది. అత్త ఆమెని చూడలేదు. ఇన్‌స్పెక్టర్నే చూస్తూ చివరి మాట చెప్పింది.

“దీన్ని అడుగుతున్నారు గదా. చెప్పనీండి. నాకేటీ అబ్బెంతరం లేదు.”

దుర్గారావు లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మొహం నల్లబడింది. తనని చదివించిన ఉద్యోగం గురించి తల్లి అలా మాట్లాడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ సంజయ్ వైపు తిరిగాడు. కొడుకుగా నీకేమైనా ఆపత్తి, అంటే అభ్యంతరం, ఉందా అని హిందీలో అడిగాడు.

సంజయ్ బామ్మని చూశాడు, చిన్నాన్నని చూశాడు, తండ్రి ఫోటోని చూశాడు. తల్లిని మాత్రం చూడలేదు. వాడి మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనకరత్నానికి కనపడింది. బామ్మ మాటలకి వాడు కదిలిపోయాడని ఆమెకి తెలుసు. ఇప్పుడు లేదంటాడు అనుకుంది.

“హై, సర్” అన్నాడు. “ఆపత్తి హై.”

మనోజ్‌కుమార్ పెన్ను తీశాడు గానీ రాయలేదు. కనకరత్నం వైపు తిరిగి నెమ్మదిగా నచ్చజెప్పాడు. కొడుకే కదమ్మా అన్నాడు. ఇంట్లోంచి ఒక్క పేరే వెళ్తే పని తొందరగా అవుతుంది, రెండు పేర్లు వెళ్తే ఫైలు ఎక్కడ ఆగుతుందో తను కూడా చెప్పలేనన్నాడు. ఎవరో ఒకరు తగ్గాలన్నాడు. తగ్గేది ఎవరో అతని చూపే చెబుతోంది.

కనకరత్నం కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడింది.

“కొడుకే సారూ. అందుకే వాడు కాదన్నాడని నాకు కోపం రాలేదు. వాడి బాధ వాడిది, నాకు తెలుసు. రాసుకోండి. కొడుక్కి అభ్యంతరం ఉన్నాదని రాసుకోండి. దాని కిందనే, అయినా ఆవిడ తన దరఖాస్తు వెనక్కి తీసుకోనన్నాదని కూడా రాసుకోండి. ఎన్నాళ్ళు పట్టినా పరవాలేదు. ఎక్కడికి పిలిచినా వస్తాను.”

“ఆలోచించుకోండమ్మా.”

“ఆలోచించుకున్నాను. ఇరవయ్యేళ్ళ పైబడి అదే ఆలోచించేను.”

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. దుర్గారావు తెచ్చిన కాగితాన్ని మడిచి అతనికే తిరిగి ఇచ్చేశాడు. కనకరత్నం దరఖాస్తుని సంచీలో పెట్టుకున్నాడు. వెళ్తూ నూకాలమ్మకి వంగి నమస్కారం చేశాడు. ఆవిడకి ఏం చేయాలో తెలీక, తనూ చేతులెత్తి మొక్కింది.

దుర్గారావు వదినతో మాట్లాడకుండా బయటికెళ్ళి బండి స్టార్ట్ చేశాడు. సంజయ్ అతని వెనకే గేటు దాటాడు. కనకరత్నం చెప్పులు వేసుకోకుండానే వాడి వెనక వెళ్ళింది. కాళ్ళ కింద సిమెంటు మండిపోతోంది.

“సంజయ్.”

వాడు ఆగాడు.

“రాయపూర్ పిలిచిన రోజు చిన్నాన్న బండి మీద వెళ్ళకు. ఇంటికి రా. ఇద్దరం కలిసి లోకల్ రైల్లో వెళ్దాం. అక్కడ నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు. నేను చెప్పాల్సింది నేను చెప్తాను. నా మొహం చూసి ఒక్క ముక్క కూడా తగ్గించుకోకు.”

సంజయ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు వాటిని దాచుకోవడానికి ఎండ వైపు మొహం తిప్పాడు.

“మరి ఓడిపోతే?” అన్నాడు.

“ఎవరు?” అంది కనకరత్నం. “నువ్వా, నేనా?”

దుర్గారావు హారన్ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. సంజయ్ బండి ఎక్కలేదు. గేటు లోపలికీ రాలేదు.